పద్నాలుగో లాకు, రెండో పిల్ల

జూన్ 9

తెల్లవారి నుంచి మబ్బు, చినుకు లేదు. పడమటి గాలి. ఎగువ నీళ్ళు ఐదడుగుల రెండంగుళాలు, దిగువ నాలుగున్నర. ఉప్పు 1.6. పొద్దున పోటుకి తలుపులు దించాం, పదకొండింటికి నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలయ్యాక ఎత్తాం. మోటారు రెండుసార్లు ఆగింది. మూడోసారి నేనూ నాన్నా చక్రం చేత్తోనే తిప్పాం. మధ్యాహ్నం తలుపు రబ్బరుకి పట్టిన గుల్ల గీకాను. సగం అయింది.

ఇవన్నీ ఆఫీసు డైరీలో రాశాను. అందులో 'విశేషాలు' అనే గడి రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. పట్టనివి ఇక్కడ రాస్తున్నాను. ఇది కిందటేడు వరదలో తడిసి ఉబ్బిపోయిందని మూల పడేసిన రిజిస్టరు. ఇన్‌స్పెక్టర్ గారు దీన్ని అడగరు.

విశేషం: నాలుగింటికి ఆఫీసు పడవలో పిల్ల వచ్చింది. ఒక సంచి, కాళ్ళకి పెద్దవైన రబ్బరు బూట్లు, మెడలో మాటల పెట్టె. పెట్టె పదిహేను రోజులకే ఇస్తారు, తర్వాత వెనక్కి పంపాలి. పిల్ల నా వైపు తిరిగి ఏదో అంది. పెట్టె దాన్ని తెలుగులోకి మార్చి "నమస్కారం, అక్కా. ఈ వ్యక్తి మీ గృహమునకు వచ్చినది" అని చదివింది.

"ఏంటది, హరికథ చెబుతుందా?" అంది అమ్మ.

కాయితంలో ఇలా ఉంది. పేరు: హాయ్. పేరుకి అర్థం: రెండు. సంతాన క్రమం: రెండో బిడ్డ. వయసు: పందొమ్మిదో ఇరవయ్యో. పుట్టిన తేదీ దగ్గర అడ్డగీత. ఊరు మెకాంగ్ నది సముద్రంలో కలిసే చోట. పక్కన 'ప్రస్తుతం లేదు' అని రాశారు. తల్లిదండ్రులు: పెంటయ్య, అంకమ్మ. తోబుట్టువు: నాంచారి. నాంచారి అంటే నేను.

నాన్న 'రెండో బిడ్డ' దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. "బాగానే రాశారు" అన్నాడు.

జూన్ 10

జల్లు పడి ఆగింది. ఉప్పు 1.7.

పొద్దున్నే వైర్‌లెస్‌లో కనకరత్నం అత్త. నాన్నకి పినతల్లి కూతురు, దిగువన పదిహేనో లాకు వాళ్ళది. నీటిమట్టం అడిగే నెపంతో మా ఇంటి సంగతులు అడుగుతుంది.

"ఎగువెంతే?"

"ఐదూ మూడు."

"వచ్చిందంటగా. ఎట్టా ఉంది పిల్ల?"

"బాగానే ఉంది."

"బాగుండక. నీ బదులు పోయే పిల్ల బాగుండక ఏం చేస్తది. నూనె రాసి జడెయ్యవే, పుణ్యం వస్తది."

ఆమె మాటలో అబద్ధం లేదు. ఇంటికొకరు సముద్రపు కట్ట పనికి వెళ్ళాలి, మూడేళ్ళు. కన్నా పెంచుకున్నా వయసు లెక్కే, పెద్దబిడ్డకి లాకు, రెండో బిడ్డకి కట్ట. ఒక్కరే బిడ్డయితే ఆ ఒక్కరూ కట్టకే. అలాంటి ఇంట్లో తండ్రికి అరవై నిండగానే లాకూ ఇల్లూ వేరేవాళ్ళకి పోతాయి. నాన్నకి యాభై ఎనిమిది. అత్త కొడుకు బుల్లియ్య బావ కట్ట నుంచి వచ్చి రెండేళ్ళయింది. అరుగు మీద కూర్చుని ఉంటాడు. పెడితే తింటాడు. అతనితో వెళ్ళినవాళ్ళు పదకొండుమంది, వచ్చినవాళ్ళు నలుగురు.

అందుకే నాన్న పెంపకం స్కీములో కాయితం పెట్టాడు. మునిగిన దేశాలవాళ్ళని ఇళ్ళకి బిడ్డలుగా ఇస్తారు. నాకు చెప్పే పెట్టాడు. నేను వద్దనలేదు.

జూన్ 15

ఎండ. ఉప్పు 1.7. నారుమళ్ళు చల్లాం. మొత్తం ఉప్పుకి తట్టుకునే రకమే.

హాయ్‌ని నా గదిలో పడుకోబెట్టారు. గది నిజానికి పాత మోటారు పెట్టిన కొట్టు, రెండు చాపలు పడితే నడవడానికి చోటుండదు. ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తుంది. నా అద్దం వాడి బోర్లించి పెడుతుంది. బియ్యం మూడుసార్లు కడుగుతుంది, అదీ తాగే నీళ్ళతో. రెండోనాడు చెప్పాను. తలూపి మళ్ళీ మూడుసార్లు కడిగింది.

నాకన్నా ముందు లేచి లాకు మెట్లు ఊడుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఈ మెట్లెవరూ రోజూ ఊడవలేదు.

"చూసి నేర్చుకో" అంది అమ్మ.

"కోతలయ్యాక పోయే పిల్లని చూసి ఏం నేర్చుకోను?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "గట్టిగా మాట్లాడమాక" అంది.

పెట్టె వాకిట్లో ఉంది. వినిపించి ఉండదు. కట్ట సంగతి మేమెవరం ఆ పిల్లకి చెప్పలేదు. ఇక్కడికి పంపేముందు ఉంచిన శిబిరంలో చెప్పారేమో తెలీదు.

జూన్ 24

ఉక్కపోత. ఉప్పు 1.8. మోటారు బాగుచేయడానికి మనిషి రాలేదు.

మాటల పెట్టె వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు ఇంట్లో నిశ్శబ్దంగా ఉంది. హాయ్‌కి శిబిరంలో తెలుగు అక్షరాలు నేర్పారు, చదవగలదు. చదివినదానికి అర్థం తెలీదు. డైరీలో గడుల పేర్లు వేలితో చూపించి చదివిస్తున్నాను. 'ఎగువ, దిగువ, ఉప్పు, తలుపు.' నాలుగూ వచ్చాయి.

నన్ను పిలవడానికి 'చీ' అంటుంది.

అమ్మ మొదటిసారి విని చేటలో బియ్యం ఎగరేయడం ఆపింది. "దాన్ని చీ అంటావేంటే? అదేం చేసింది నిన్ను?"

హాయ్ నవ్వుతూ మళ్ళీ నన్ను చూపించి "చీ" అంది. అంటే అక్క అని పెట్టె ఉన్నప్పుడే తెలుసుకున్నాను. అమ్మకి చెప్పాను.

"అక్కనా? వాళ్ళ దేశంలో అక్కల గతి అంతేనన్నమాట" అన్నాడు నాన్న. ఆయన పరిహాసమాడి చాలా కాలమైంది.

సాయంత్రానికే ఇది తెలిసి, వైర్‌లెస్‌లో అత్త నన్ను "ఏమే ఛీ, ఎగువెంత?" అని అడిగింది.

జూలై 6

వాన లేదు. వారం నుంచి ఎగువ నుంచి నీళ్ళు సరిగా వదలటం లేదు. ఎగువ నాలుగూ పది. ఉప్పు 1.9.

నారు కొసలు ఎర్రబడుతున్నాయి. 1.9కి ఎర్రబడకూడదు. ఉప్పు కొలిచే మీటరు చెడిందన్నాడు నాన్న. ఆఫీసు నుంచి తెచ్చిన రెండో మీటరు కూడా 1.9 చూపించింది.

సాయంత్రం నేను మీటరు ముంచుతుంటే హాయ్ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. "దిగువ" అంది. దిగువ తలుపు వైపు చూశాను. కాదని తలూపి, మళ్ళీ "దిగువ" అని వేలితో కాలువ అడుగు చూపించింది. అడుగు అనే మాట తనకింకా రాదు. నా చిరాకు చూసి మాట్లాడటం మానేసి, దొడ్డి తాడు తెచ్చి మీటరుకి కట్టి, ఒక రాయి కట్టి, నీళ్ళలోకి వదిలింది. అడుగు తగిలేదాకా వదిలింది.

6.4.

మళ్ళీ పైన: 1.9. మళ్ళీ అడుగున: 6.4.

ఉప్పునీళ్ళు బరువు. మంచినీళ్ళ కిందుగా పాకుతూ వస్తాయి. నారుమళ్ళకి నీళ్ళు తీసే తూము అడుగునే ఉంది. మేం పైపైన కొలిచి, బాగుందని తలుపులెత్తి, మా నారుకి మేమే ఉప్పు పెట్టుకుంటున్నాం.

నాన్న వచ్చి చూశాడు. తాడు తను పట్టుకుని తనే దించాడు. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. ఈ లాకులో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి లస్కరు. ముప్పై ఒక్క ఏళ్ళ డైరీలు లోపల అటక మీద ఉన్నాయి. అన్నీ పైన కొలిచినవే.

"దీనికెవరు నేర్పారంట?" అన్నాడు కాసేపటికి.

అడిగితే చెప్పడానికి దానికి మాటలు లేవు.

జూలై 15

రెండు రోజులుగా జల్లులు. పైన 1.8, అడుగున 4.9. ఇప్పుడు డైరీలో రెండు అంకెలూ రాస్తున్నాం. తూము నోటికి చెక్క అడ్డం వేసి పైనీళ్ళే తీస్తున్నాం. నారు తేరుకుంది. పదిహేనో లాకులో అత్తకీ చెప్పాం.

"ఆ పిల్లే కనిపెట్టిందా?" అంది అత్త.

"ఆఁ."

"మంచి పిల్లనే తెచ్చుకున్నారు కట్టకి" అంది.

హాయ్‌కి మాటలు వస్తున్నాయి. తెలిసిన మాటల్నే అన్నిటికీ వాడుతుంది. అన్నం మాడితే "అన్నం ఉప్పు", కాలు నొప్పిగా ఉంటే "కాలు ఉప్పు". బాగాలేనిదంతా ఉప్పే. నాన్న కూడా ఇవాళ "నడుం ఉప్పుగా ఉందే" అన్నాడు.

జూలై 21

మబ్బు. పైన 1.9, అడుగున 5.3. తలుపుల గొలుసుకి గ్రీజు పెట్టాం, ఇద్దరం.

గొలుసు పని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. అమ్మ అక్కడే చింతపండు గింజలు తీస్తోంది. హాయ్‌కి తన తోబుట్టువుల గురించి చెప్పాలనిపించింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "బా. తు. నమ్." మళ్ళీ తెలుగులో, "మూడు. నాలుగు. ఐదు." మూడు మొగ. నాలుగు మొగ. ఐదు ఆడ, చిన్నది, మోకాలంత.

"నువ్వు రెండు" అన్నాను.

"రెండు నేను."

"మరి ఒకటి?"

తనకి అర్థం కాలేదు. బొటనవేలు చూపించాను. "ఒకటి ఎక్కడ? ఒకటి పోయాడా?" అమ్మ కూడా తలెత్తింది. పెద్దవాడు పోయి ఉంటాడని అమ్మ మొదటి నుంచీ అనుకుంటోంది.

హాయ్ నవ్వింది. ఇంట్లోకి వచ్చాక గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. "ఒకటి లేదు. ఒకటి ఎప్పుడూ లేదు."

తన చేతి ఎత్తు చూపించింది. రెండు, ఇంత. మూడు, కొంచెం కింద. నాలుగు, ఇంకా కింద. ఐదు, మోకాలు. వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లోనైనా అంతే. మొదట పుట్టినవాళ్ళు రెండు. ఎందుకంటే చెప్పలేకపోయింది. చేతులతో ఏదో ఎత్తుకుపోయినట్టు చూపించి, "ఒకటి అంటే, వచ్చి..." అని ఊరుకుంది.

అమ్మ చింతపండు బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత హాయ్ గ్రీజు వేలితో గోడ మీద జంతువుల బొమ్మలు గీసింది, పన్నెండు. ఏడాదికొక జంతువట. ఇది కుక్క ఏడు. నా వయసు అడిగింది. భాద్రపదానికి ఇరవై నిండుతాయని చెప్పాను. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి పులి దగ్గర ఆగింది. "నువ్వు పులి." తను పులికి ముందున్న బొమ్మ మీద వేలు పెట్టింది. గేదె. "నేను గేదె. చివర." అంటే గేదె ఏడు చివర్లో. నాకన్నా ఏడెనిమిది నెలలు ముందు.

లోపలి నుంచి అమ్మ, "అది పులేంటి, ఎలకని చూస్తే మంచమెక్కుతుంది" అంది.

జూలై 22

పైన 1.9, అడుగున 5.6.

హాయ్ నన్ను చీ అనడం మానేసింది. ఇప్పుడు 'ఏం' అంటోంది. వాళ్ళ మాటలో అంటే చెల్లి. ముందు చీ అన్నది వయసు తెలియక. తెలియనివాళ్ళని అక్కా అనడం వాళ్ళకి మర్యాద. ఆ మర్యాద చూసి మేం కాయితానికి సరిపోయిందనుకున్నాం.

మనం ఎవరైనా పిలిస్తే 'ఏం' అంటాం. ఆ పిల్ల పిలవడమే 'ఏం' అంటుంది. "ఏం" అంటే నేను "ఏం" అంటాను. నాన్న పొద్దుటి నుంచి నాలుగుసార్లు "నన్నా?" అని అడిగాడు.

పెద్దా చిన్నా తేలాక తనకి మాట సులువైంది. వాళ్ళ భాషలో నేను అని చెప్పడానికి కూడా ఎదుటివాళ్ళు పెద్దో చిన్నో తెలియాలట. ఇన్నాళ్ళూ సగం మౌనం అందుకే.

అమ్మ నన్ను దొడ్డి వైపు పిలిచింది. "అదే నీకన్నా పెద్దదని ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"కాయితంలో రెండో బిడ్డని రాసుంది. రాసింది మనం కాదు. మనం అడిగి రాయించుకున్నదీ కాదు. అర్థమైందా?"

"అయింది."

"మీ నాన్నకి చెప్పమాక. ఆయన కడుపులో ఏదీ దాగదు."

జూలై 29

మూడు రోజుల ఎడతెరిపి లేని వాన. నీళ్ళు ఎగువ ఆరూ నాలుగు. వాన ఇంత పడుతున్నా అడుగున 6.8. ఉప్పు తగ్గాలి, పెరిగింది.

అత్త చెప్పింది, కట్టకి తూర్పున గండి పడిందట. పన్నెండు గజాలని మొదట అన్నారు, ఇప్పుడు నలభై అంటున్నారు. కోతలయ్యాక రావాల్సిన పిలుపు ముందే వస్తుందని చెప్పుకుంటున్నారట.

పోటుకి పోటుకి తలుపులు దించుతున్నాం, రోజుకి రెండుసార్లు. మోటారు పూర్తిగా పోయింది. చక్రం దగ్గర ఒక పక్క నాన్న, ఒక పక్క హాయ్. నేను గొలుసు చూస్తున్నాను. నా కుడి మణికట్టు వాచింది. హాయ్ దానికి పసుపు కాదు, ఏదో ఆకు నూరి కట్టింది. మండింది తప్ప తగ్గలేదు. తగ్గిందని చెప్పాను.

ఆగస్టు 2

వాన తెరిపిచ్చింది. పైన 2.1, అడుగున 6.9.

మా ఇద్దరిలో రెండు ఎవరన్న విషయం నాకు పడుకుంటే గుర్తురాదు. పడుకుంటే నిద్రే. పని చేసేటప్పుడు వస్తుంది. గొలుసు ఒక్కొక్క కొక్కెం దాటుతుంటే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. రెండు దగ్గర వస్తుంది.

నాన్నకి చెప్పేశాను. తలుపులు దించి ఊపిరి తీసుకుంటున్నాడు. అంతా విన్నాడు.

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"ఏమంది?"

"నోరు మూసుకోమంది."

"మరి మూసుకో" అన్నాడు. బీడీ వెలిగించుకోబోతే అగ్గిపెట్టె తడిసిపోయింది. చాలాసేపు గీశాడు.

ఆగస్టు 5

ఎండా మబ్బూ. పైన 2.1, అడుగున 7.1. గుల్ల గీకడం మిగతా సగం ఇవాళ మొదలుపెట్టాను.

పదింటికి ఇన్‌స్పెక్టర్ నాగభూషణం గారు వచ్చారు. గొడుగు, కాయితాలున్న ప్లాస్టిక్ సంచి. డైరీలో సంతకం పెట్టారు. పైనా అడుగునా అంకెలు చూసి, ఇలా రాయడం మంచి పద్ధతి, అన్ని లాకులకీ చెబుతానన్నారు. అమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"పిలుపు ముందే వచ్చిందమ్మా. గండి పూడాలంటే మనుషులు కావాలిగా. ఎనిమిదో తారీకు పొద్దున పడవ." సంచిలోంచి కాయితం తీశారు. "రెండో బిడ్డ... హాయ్. ఏమ్మా, నువ్వేనా?"

హాయ్ లేచి నిలబడింది. "నేను హాయ్."

"రెండు నువ్వే కదూ?"

"రెండు నేనే" అంది. అన్ని మాటలూ అర్థమయ్యాయి, జవాబు సరిగ్గా వచ్చింది. దాని మొహం వెలిగింది.

"చూడండి, ఎంత చక్కగా చెప్పిందో. పొద్దున ఒక ఇంట్లో పిల్లాడు వాళ్ళ నాన్న మంచం కింద దూరాడు." సిరా డబ్బా మూత తీసి దాని ముందు పెట్టారు. హాయ్ బొటనవేలు చాపింది.

నా చేతిలో గీకే బిళ్ళ ఉంది. దాన్ని కింద పెట్టాను.

"సార్, రెండంటే రెండో బిడ్డ కాదు."

"మరి?"

"వాళ్ళలో మొదటి బిడ్డని రెండంటారు."

"మరి రెండో బిడ్డని?"

"మూడు."

"మూడో బిడ్డ నాలుగు. అంతేనా?" ఆయన మజ్జిగ గ్లాసు దింపారు. "ఈ లెక్కన ఇది పదమూడో లాకు అవ్వాలి కదమ్మా. నేను తప్పు లాకుకి వచ్చానా?"

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "దానికి రెండు రోజుల్నుంచి ఒళ్ళు వెచ్చగా ఉందండి. ఏదో మాట్లాడుతుంది. నువ్వు లోపలికి రావే."

నేను కదల్లేదు. హాయ్ నన్నూ అమ్మనీ చూస్తోంది. వేలు ఇంకా గాలిలోనే ఉంది.

"చూడమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. కోపంగా కాదు, విసుగ్గా. ఆయన ఆ పూట ఇంకా తొమ్మిది లాకులు తిరగాలి. "కాయితం రెండంటుంది. ఆ పిల్లే రెండంటుంది. నువ్వొక్కదానివే కాదంటావు. ఇందులో నీకు ఒరిగేదేమన్నా ఉందా అంటే అదీ లేదు. నన్నేం చెయ్యమంటావు?"

ఇంత దూరం నేను ఆలోచించుకోలేదు.

నాన్న చక్రం దగ్గర నుంచి వచ్చాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటున్నాడు. "సార్, నా పేరేంటండి?"

"పెంటయ్య. అదేం ప్రశ్న?"

"నేను పెంటనాండి?"

ఇన్‌స్పెక్టర్ గారు నాన్న వైపు తిరిగారు.

"నాకు ముందు ముగ్గురు పోయారండి. నేను పుట్టగానే మా నాయనమ్మ చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడేసింది. మంత్రసాని ఏరుకొచ్చి ఇస్తే, ఎవరి బిడ్డో అన్నట్టు తీసుకున్నారు. ఆ పేరు పెట్టారు. ఇది పెంట, నాకెందుకులే అని చావు పక్కింటికి పోద్దని. ఈ పిల్ల వాళ్ళూ అంతేనండి. పెద్దదాన్ని దాచుకోటానికి రెండన్నారు. కాయితానికి తెలీదు. నాకు తెలుసు."

అమ్మ "ఏవయ్యా" అంది. ఆ ఒక్క మాటే. నాన్న ఆమె వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇద్దరిలో ఈ పిల్లే పెద్దదని సంతకం పెడతావా? పెడితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసండి."

"ఇంకోసారి అడుగుతాను, పెంటయ్యా."

"పెడతానండి."

పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ గారు కాయితంలో హాయ్ పేరు కొట్టేసి, పైన నా పేరు రాశారు. ఒత్తు ఎక్కడొస్తుందని అడిగారు. ఒత్తు లేదన్నాను. నా వేలికి సిరా అద్దారు.

మజ్జిగ సగం మిగిల్చి వెళ్ళిపోయారు.

ఆగస్టు 6

మబ్బు. పైన 2.2, అడుగున 7.0. అమ్మ వంట చేయలేదు. హాయ్ వండింది. బియ్యం మూడుసార్లు కడిగింది.

నాన్న పొద్దుటి నుంచి మోటారు విప్పి కూర్చున్నాడు. అది బాగుపడదని ఆయనకీ తెలుసు.

హాయ్‌కి నిన్నే సగం తెలిసింది. మిగతా సగం ఇవాళ నేను చెప్పాను. పడవ, కట్ట, మూడేళ్ళు. బుల్లియ్య బావ సంగతి కూడా చెప్పాను. తనని ఎందుకు తెచ్చారో కూడా చెప్పాను. తెలిసిన మాటలతో చెప్పాల్సి వచ్చింది, కాబట్టి ఏదీ మెత్తగా చెప్పలేకపోయాను.

వింటూ గోరు కింద గ్రీజు తీసుకుంటోంది. అంతా అయ్యాక, "నేను వెళ్తాను. నేను పెద్ద" అంది.

"ఇక్కడ పెద్ద ఉంటుంది. చిన్న వెళ్తుంది."

"తప్పు."

"తప్పే. రూలు."

"మా దగ్గర రెండు ముందు. నీళ్ళు వస్తే రెండు ముందు దిగి చూడాలి. తర్వాత మూడు, నాలుగు, ఐదు." ఆగింది. మూడు, నాలుగు, ఐదు ఏమయ్యారో నేను అడగలేదు. ఇన్నాళ్ళూ అడగలేదు.

"అక్క చెప్తే చెల్లి వినాలి" అంది. అమ్మ నాతో రోజూ అనే 'చెప్తే వినాలి'లోంచి ఏరుకున్నట్టుంది.

"వినాలి. సంతకం అయిపోయింది."

"నాన్న సంతకం ఉప్పు" అంది.

నాకు నవ్వొచ్చింది. దానికి రాలేదు.

ఆగస్టు 7

పైన 2.2, అడుగున 7.0.

అమ్మ లేచింది. రెండు జతల బట్టలు, పచ్చడి జాడీ, దుప్పటి సర్దింది. హాయ్‌తో మాట్లాడటం లేదు. నాన్నతోనూ మాట్లాడటం లేదు. మధ్యాహ్నం హాయ్ నీళ్ళ బిందె ఎత్తబోతే, "దానికి నడుం పడుతుంది, ఇద్దరూ పట్టుకోండి" అంది, ఎవరి వైపూ చూడకుండా.

హాయ్‌కి డైరీ అప్పగించాను. అంకెలు ఏ గడిలో రాయాలి, పోటు టైము ఏ కాయితంలో చూడాలి, ఇన్‌స్పెక్టర్ గారు ఏ గడి ముందు చూస్తారు, అన్నీ. ఈ రిజిస్టరు కూడా ఇచ్చాను. ఇందులో ఏం రాయాలని అడిగింది. గడిలో పట్టనివి అన్నాను.

అత్త వైర్‌లెస్‌లో వచ్చింది. లెవెల్ అడగలేదు. "బుల్లియ్య తొడుక్కున్న బూట్లున్నాయి, నీకు పెద్దవవుతాయేమో" అంది. పంపమన్నాను.

భయంగా ఉంది. ఇది రాసిపెడుతున్నాను, ఎవరికన్నా పనికొస్తుందని కాదు. జరిగింది కాబట్టి.

ఆగస్టు 8

ఇది నేను హాయ్ రాస్తున్నాను. తప్పులు ఉంటాయి.

వాన లేదు. పైన 2.3. అడుగున 7.2. పొద్దున పోటు ఐదు గంటలకి. తలుపులు దించాము, నేను, నాన్న.

అమ్మ పడవ దాకా వచ్చింది. నాన్న చక్రం దగ్గర ఉన్నాడు, రాలేదు.

పడవ ఆరు నలభైకి వచ్చింది. పదమూడో లాకు నుంచి ఒకరు, పన్నెండు నుంచి ఇద్దరు ఉన్నారు. ఆరు యాభైకి వెళ్ళింది. మా లాకు నుంచి చెల్లి నాంచారి వెళ్ళింది.